ఎల్గార్ తర్వాత ఏది? బ్రిటిష్ వయొలిన్ కన్సర్టోలలో ఎంపిక

పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో వయొలిన్ కన్సర్టో (ఒంటి వయొలిన్, ఆర్కెస్ట్రా కలిసి వాయించే పెద్ద రచన) అనగానే జర్మన్, రష్యన్ పేర్లే ముందుగా నోటికి వస్తాయి. బ్రిటన్ వంతు వచ్చేసరికి స్వరకర్తల్లో ఎల్గార్ పేరు ఒకటి చెప్పి, ఇంకా ఓపిక ఉన్నవారు వాల్టన్, బ్రిటెన్ పేర్లు కలిపి, అక్కడితో ఊరుకుంటారు. నిజానికి 1899లో స్టాన్‌ఫర్డ్ రాసిన కన్సర్టో మొదలుకొని 1959 నాటి రబ్రా కన్సర్టో దాకా, ఆ అరవై ఏళ్ళలో ఆ దేశంలో ఇరవైకి తక్కువ కాకుండా చెప్పుకోదగిన వయొలిన్ కన్సర్టోలు పుట్టాయి. వాటిలో కొన్నింటికి పాతిక ముప్పై రికార్డింగులు ఉంటే, కొన్నింటికి ఒకటో రెండో మాత్రమే ఉన్నాయి. ఈ తేడాకు సంగీతం నాణ్యత ఒక్కటే కారణమని నేను అనుకోను. ఏ వయొలినిస్టు దాన్ని చేపట్టాడు, తొలి కచేరీ ఏ సంవత్సరంలో పడింది, ఆ సంవత్సరంలో లోకం ఏ గొడవలో ఉంది అన్నవే చాలావరకు వీటి తలరాతను నిర్ణయించాయి. కాబట్టి పేరు ప్రఖ్యాతులను బట్టి ఎంచుకునేవారు మంచివాటిని కొన్నింటిని తప్పక పోగొట్టుకుంటారు.

ఎంపికకు ముందు తెలుగు శ్రోతకు ఒక మాట చెప్పాలి. వయొలిన్ మనకు పరాయి వాద్యం కాదు. బాలుస్వామి దీక్షితార్ కాలం నుంచి లెక్కపెడితే అది మన కచేరీలోకి వచ్చి రెండు వందల ఏళ్ళు దాటింది; విజయనగరంలో ద్వారం వేంకటస్వామి నాయుడుగారు దాన్ని పక్కవాద్యం స్థానం నుంచి సోలో కచేరీ స్థాయికి తీసుకువెళ్ళారు. అయితే మనవారు తీగలను షడ్జమ పంచమాలకు శ్రుతి చేసి, కింద కూర్చుని, వాద్యం తలను పాదానికి ఆనించి వాయిస్తారు కాబట్టి ఎడమచేయి స్వేచ్ఛగా జారుతుంది, గమకం పలుకుతుంది. పాశ్చాత్య వయొలినిస్టు నిలబడి, వాద్యాన్ని గడ్డం కింద బిగించి వాయిస్తాడు. అతని ప్రతిభలో ఎక్కువ భాగం కమాను పట్టిన కుడిచేతిలో కనిపిస్తుంది. ఈ తేడా తెలిసిన చెవికి ఒక లాభం ఉంది. 1920లు, 30ల నాటి పాత రికార్డింగులలో వాదకులు ఒక స్వరం నుంచి మరో స్వరానికి వినబడేలా జారుతూ వెళ్ళేవారు. తర్వాతి తరం పాశ్చాత్య శ్రోతలకు అది పాతకాలపు అలవాటుగా, కొంచెం ఎబ్బెట్టుగా తోచింది. జారు గమకాలు విని పెరిగిన మనకు ఆ ఇబ్బంది ఉండదు. అందువల్ల పాత రికార్డింగులను, వాటి గరగర శబ్దాన్ని కాస్త ఓర్చుకుని, మనం నిస్సంకోచంగా ఎంచుకోవచ్చు.

ఎల్గార్: ఏ రికార్డింగుతో మొదలుపెట్టాలి?

ఎల్గార్ బి మైనర్ కన్సర్టో 1910 నవంబరు 10న లండన్ క్వీన్స్ హాల్‌లో మొదటిసారి వినిపించింది. ఫ్రిట్జ్ క్రైస్లర్ వయొలిన్ వాయించాడు, స్వరకర్తే కండక్టరుగా, అంటే ఆర్కెస్ట్రాను నడిపించేవాడిగా, నిలబడ్డాడు. రచన ప్రతి మీద స్పానిష్ భాషలో 'ఇందులో ఫలానావారి ఆత్మ నిక్షిప్తమై ఉంది' అనే అర్థం వచ్చే వాక్యం రాసి, పేరు ఉండవలసిన చోట ఎల్గార్ ఐదు చుక్కలు పెట్టాడు. ఆ చుక్కల వెనుక ఎవరున్నారన్న చర్చ నూరేళ్ళకు పైగా నడుస్తూనే ఉంది. ఆ చర్చ తెలియకపోయినా వినడానికి ఏ లోటూ రాదు.

తెలుసుకుని వినవలసిన చోట్లు రెండు ఉన్నాయి. మొదటిది వయొలిన్ ప్రవేశం. ఆర్కెస్ట్రా తన ప్రవేశికను తాపీగా, అన్ని ఇతివృత్తాలతో సహా నడిపించాక, చివరికి మొదటి వాక్యాన్ని మళ్ళీ ఎత్తుకుని సగంలో వదిలేస్తుంది. వయొలిన్ కొత్త మాట ఏదీ చెప్పకుండా ఆ సగం వాక్యాన్ని మంద్ర స్థాయిలో అందుకుని పూర్తి చేస్తుంది. సభలో ఎవరో మాట మొదలుపెట్టి ఆగిపోతే, ఇంటి పెద్ద నెమ్మదిగా ఆ మాట ముగించినట్లు ఉంటుంది. రెండవది మూడో భాగంలోని కడెన్జా. సాధారణంగా కడెన్జాలో ఆర్కెస్ట్రా చేతులు ముడుచుకుని కూర్చుంటుంది, వాదకుడు ఒంటరిగా తన విద్య చూపిస్తాడు. ఇక్కడ మాత్రం తీగ వాద్యాలవారు కమానులు పక్కన పెట్టి, మూడు నాలుగు వేళ్ళ మెత్తటి కొసలతో తీగలను అడ్డంగా దువ్వుతూ ఉంటారు. ఆ సన్నని గలగల మీద వయొలిన్ గడిచిపోయిన ఇతివృత్తాలన్నింటినీ ఒక్కొక్కటిగా తలచుకుంటుంది. మీరు ఎంచుకునే రికార్డింగును ఈ చోటుతోనే పరీక్షించండి: ఆ దువ్వుడు వినబడకపోతే లోపం రికార్డింగుదో, మీరు వాడుతున్న స్పీకరుదో అయి ఉంటుంది. ఫోను స్పీకరులో అది దాదాపు మాయమైపోతుంది. నేను మొదటిసారి విన్నప్పుడు అలాగే జరిగింది. కడెన్జా ఎందుకంత గొప్పదంటారో అర్థంకాక, ఆర్నెల్ల తర్వాత మంచి హెడ్‌ఫోన్లతో విన్నాకే సిగ్గుపడ్డాను.

రికార్డింగుల విషయానికి వస్తే, అసలైన పోటీ మొదటి రెండింటి మధ్యే ఉంది. 1929లో ఆల్బర్ట్ సామన్స్, హెన్రీ వుడ్ కండక్టరుగా, ఈ కన్సర్టోను మొదటిసారి పూర్తిగా రికార్డు చేశాడు. 1932 జులైలో పదహారేళ్ళ యెహూది మెనూహిన్, డెబ్బయి అయిదేళ్ళ ఎల్గార్ స్వయంగా కండక్ట్ చేస్తుండగా, లండన్ ఆబీ రోడ్ స్టూడియోలో వాయించాడు. రికార్డింగుకు ముందు ఎల్గార్ ఆ కుర్రవాడి వాదనం కాసేపు విని, చెప్పవలసింది ఏమీ లేదని గుర్రప్పందాలకు వెళ్ళిపోయాడని మెనూహిన్ తర్వాత చెప్పుకునేవాడు. ఈ కథ వల్ల, స్వరకర్త పాల్గొన్నందువల్ల, లోకం మెనూహిన్ రికార్డింగునే ప్రమాణంగా పెట్టుకుంది. నేను సామన్స్ వైపే మొగ్గుతాను. మెనూహిన్ దాదాపు 50 నిమిషాలు తీసుకుంటే సామన్స్ దాదాపు 43 నిమిషాల్లో ముగిస్తాడు. వేగం వల్ల ఈ సుదీర్ఘ రచనకు ఒక వెన్నెముక ఏర్పడుతుంది. సామన్స్ పెద్ద గురువుల దగ్గర చదువుకున్నవాడు కాదు. లండన్‌లో ఒక హోటల్ బ్యాండులో వాయిస్తుండగా కండక్టరు బీచమ్ కంటపడి పైకి వచ్చాడు. అతని వాదనంలో సన్నివేశం పెంచి చూపించే ప్రయత్నం కనిపించదు. మెనూహిన్ రికార్డింగులో మాత్రం రెండో భాగం, ఆ తర్వాత కడెన్జా, మరెవరికీ చేతకానంత లేతగా ఉంటాయి. కథ కోసం, భావం కోసం వినేవారు మెనూహిన్‌ను, నిర్మాణం కోసం వినేవారు సామన్స్‌ను ఎంచుకోవచ్చు.

పాత శబ్దం భరించలేనివారికి దారులు వేరు. నైజెల్ కెనడీ 1984లో వెర్నన్ హ్యాండ్లీతో చేసింది తీరుబడిగా, ప్రేమగా సాగుతుంది; హైఫెట్జ్ 1949లో కండక్టరు మాల్కం సార్జెంట్‌తో చేసింది దానికి పూర్తి విరుద్ధంగా నిప్పులా పరుగెడుతుంది. హిలరీ హాన్, సర్ కాలిన్ డేవిస్‌ల రికార్డింగులో ప్రతి స్వరం అద్దంలా శుభ్రంగా వినిపిస్తుంది, కొంచెం చల్లగా కూడా. జేమ్స్ ఎనెస్ 2007లో ఆండ్రూ డేవిస్‌తో కచేరీలో వాయించినది ఇవన్నీ సమపాళ్ళలో కలిసినది. ఒక్కటే కొనదలచినవారు, ఒక్కసారే వినదలచినవారు ఎనెస్‌తో నష్టపోరు.

వాల్టనా, బ్రిటెనా?

ఎల్గార్ అయిపోయాక చాలామందికి ఎదురయ్యే ప్రశ్న ఇది. రెండు కన్సర్టోలూ 1938, 39 సంవత్సరాల్లోనే తయారయ్యాయి, రెండూ అమెరికాలోనే తొలి కచేరీ చూశాయి, రెండూ సుమారు అరగంట నిడివివే. ఇంత దగ్గరి పోలికలున్నా స్వభావాలు ఉత్తర దక్షిణాలు.

విలియం వాల్టన్ కన్సర్టో హైఫెట్జ్ అడిగి రాయించుకున్నది. చాలా భాగం దక్షిణ ఇటలీలోని రవెల్లోలో, సముద్రం కనిపించే కొండమీద రాశాడు. 1939 డిసెంబరు 7న క్లీవ్‌లండ్‌లో హైఫెట్జ్ వాయించే సమయానికి యుద్ధం మొదలై మూడు నెలలు కావడంతో వాల్టన్ ఆ కచేరీకి వెళ్ళలేకపోయాడు. ఎల్గార్ లాగా ఇక్కడ పొడుగాటి ప్రవేశిక ఉండదు. ఆర్కెస్ట్రా ఊపిరి తీసుకున్నంత సేపట్లోనే వయొలిన్ వచ్చేస్తుంది, 'కలగంటున్నట్లు' వాయించమని స్వరకర్త సూచన. ఆ మొదటి రాగం ఒకసారి వింటే మనసును వదలదు. రెండో భాగం నేపుల్స్ ప్రాంతపు నృత్యపు నడకలో, వెక్కిరింతగా, అడుగడుగునా జారిపడి లేస్తున్నట్లుగా పరుగెడుతుంది. ఎండ, ప్రేమ, ఈ రెండింటి మధ్య ఏదో చిరు చేదు: వాల్టన్ అంటే ఇంతే, ఇది తక్కువ మాట కాదు.

బెంజమిన్ బ్రిటెన్ కన్సర్టోలో ఎండ లేదు. 1936లో బార్సెలోనాలో జరిగిన సంగీతోత్సవానికి వెళ్ళినప్పుడు అతను, స్పానిష్ వయొలినిస్టు అంటోనియో బ్రోసా కలిసి వాయించారు. అక్కడే ఆల్బన్ బెర్గ్ వయొలిన్ కన్సర్టో తొలి కచేరీ విన్నాడు. కొద్ది నెలలకే స్పెయిన్‌లో అంతర్యుద్ధం రగిలింది. 1939లో బ్రిటెన్ ఇంగ్లండు వదిలి ఉత్తర అమెరికా చేరి, కెనడాలోని క్వెబెక్‌లో ఈ కన్సర్టో ముగించాడు. 1940 మార్చిలో న్యూయార్క్‌లో బ్రోసాయే, బార్బిరోలీ కండక్టరుగా, తొలిసారి వాయించాడు. మొదటి శబ్దం వయొలిన్‌ది కాదు, టింపనీ డోళ్ళది. చాలా మెల్లగా, దూరాన ఏదో దండు కదులుతున్నట్లు ఒక చిన్న లయ వినిపిస్తుంది. ఆ లయ మొదటి భాగమంతా నీడలా వెంట వస్తుంది. రెండో భాగం నడుమ ఒక చోట తీగ వాద్యాలు వణుకుతుండగా, పైన రెండు పిక్కలోలు (చిన్న వేణువులు), అట్టడుగున ట్యూబా (పెద్ద ఇత్తడి బూర), మధ్యలో ఏమీ లేకుండా, విని నమ్మలేనంత ఖాళీగా వినిపిస్తుంది. ఆ తర్వాత కడెన్జా ముగింపులోకి ట్రాంబోన్లనే ఇత్తడి బూరలు మొదటిసారిగా అడుగుపెట్టి చివరి భాగాన్ని ఎత్తుకుంటాయి. ఒకే మంద్ర ఇతివృత్తం తిరిగి తిరిగి రాగా దాని మీద రకరకాలుగా కట్టుకుంటూ పోయే పద్ధతి అది, పాసకాలియా అంటారు. బ్రిటెన్ జీవితమంతా మళ్ళీ మళ్ళీ వాడుకున్న ఆ పద్ధతికి ఇక్కడే నాంది. చివర్లో వయొలిన్ పక్కపక్కనున్న రెండు స్వరాల మధ్య ఊగుతూ నిలుస్తుంది. ఒకటి మేజర్‌కు, ఇంకొకటి మైనర్‌కు చెందినది. మన పరిభాషలో చెప్పాలంటే అంతర గాంధారమా, సాధారణ గాంధారమా తేలకుండానే కచేరీ ముగుస్తుంది.

నా సలహా ఇలా ఉంటుంది. చైకోవ్‌స్కీ, బ్రూఖ్ కన్సర్టోలు ఇష్టమై, వాదకుని చేతివాటం చూసి ముచ్చటపడేవారు వాల్టన్ దగ్గరికి వెళ్ళాలి. షోస్టకోవిచ్ ఇష్టమైనవారికి, ఒక రచన తమను కొంత కలవరపెట్టినా ఫరవాలేదనుకునేవారికి బ్రిటెన్ కావాలి. ఇద్దరిలో ఎవరు గొప్ప అని నిలదీస్తే నేను బ్రిటెన్ అనే చెబుతాను. కానీ ఆదివారం మధ్యాహ్నం నేను వినేది వాల్టనే.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి తేల్చుకోవాలనుకునేవారికి ఒక సులువైన మార్గం ఉంది. ఇడా హెండెల్ 1977లో పావో బెర్గ్‌లండ్, బోర్న్‌మత్ ఆర్కెస్ట్రాలతో ఈ రెండింటినీ రికార్డు చేసింది. పోలండ్‌లో పుట్టిన ఈ వయొలినిస్టు బ్రిటెన్ కన్సర్టోను అంతగా ఎవరూ పట్టించుకోని రోజుల్లోనే భుజాన వేసుకుంది. వాల్టన్‌కు విడిగా మరొకటి కావాలంటే 1950లో వాల్టన్ కండక్టరుగా హైఫెట్జ్ చేసినది ఉండనే ఉంది, దాని వేగాన్ని ఇంతవరకు అందుకున్నవారు లేరు. వేగం కంటే మెత్తదనం కోరేవారికి క్యుంగ్ వా చుంగ్, ఆండ్రే ప్రెవిన్‌లు చేసినది మేలు. బ్రిటెన్‌కు స్వరకర్తే కండక్టరుగా ఉన్న మార్క్ లుబోట్‌స్కీ రికార్డింగు ఆధారగ్రంథం వంటిది. 2009లో యానీనా యాన్సెన్, పావో యార్వీ చేసినది మాత్రం ఈ కన్సర్టో తలరాతను మార్చినవాటిలో ఒకటి. బీథోవెన్ కన్సర్టోతో కలిపి ఒకే ఆల్బంలో పెట్టడంతో, బీథోవెన్ కోసం వచ్చినవారు బ్రిటెన్‌ను కూడా విన్నారు. ఒకప్పుడు మూలనున్న రచన ఈనాడు యువ వయొలినిస్టులందరి జాబితాలోకీ ఎక్కింది. ఇలా మూల నుంచి నడిమింట్లోకి వచ్చిన రచన ఒకటి కళ్ళముందే ఉన్నప్పుడు, ఇంకా మూలనే ఉన్నవాటిని నాణ్యత లేనివని కొట్టిపారేయడం ఎలా కుదురుతుంది?

మూలపడినవాటిలో ముందుగా వినవలసినవి

నన్ను ఒక్కటే చెప్పమంటే మోరన్ పేరు చెబుతాను. ఇ.జె. మోరన్ 1894లో లండన్ శివార్లలో పుట్టాడు, తండ్రి ఐరిష్ మూలాలున్న మతాచార్యుడు. మొదటి ప్రపంచయుద్ధంలో 1917లో తలకు గాయమైంది. ఇంగ్లండులోని నార్ఫక్ పల్లెల్లో సారాకొట్లలో కూర్చుని జానపద గీతాలు సేకరించాడు, తర్వాత ఐర్లండ్‌లోని కెర్రీ ప్రాంతానికి మనసిచ్చాడు. ఈ కన్సర్టో నిండా ఉన్నది ఆ కెర్రీయే. మొదటి భాగం కొండల మధ్య నీటి వెలుగులా తేటగా సాగుతుంది. రెండో భాగం కిల్లార్గ్లిన్‌లో ఏటా ఆగస్టులో జరిగే పక్ ఫెయిర్ అనే జాతర: ఒక కొండమేకను పట్టుకొచ్చి రాజుగా ఎత్తున కూర్చోబెట్టే ఆ జాతరలోని ఫిడేలు పాటలు, తాగుబోతుల అడుగులు, అన్నీ అందులో ఉన్నాయి. మామూలుగా కన్సర్టోలు వేగంగా, చప్పట్లు కొట్టించేలా ముగుస్తాయి. మోరన్ జాతరను నడుమ పెట్టి, చివరన విలంబ కాలంలో, ఆకురాలే కాలపు సాయంత్రం వంటి భాగాన్ని ఉంచాడు. వయొలిన్ తగ్గుతూ తగ్గుతూ నిశ్శబ్దంలో కలిసిపోతుంది. కచేరీ నిర్వాహకులకు ఇలాంటి ముగింపులు నచ్చవు. ఇది మూలపడడానికి అదొక కారణమని నా అనుమానం. రెండో కారణం అందరికీ తెలిసినదే: తొలి కచేరీ 1942 జులైలో, లండన్ మీద బాంబులు పడిన రోజులు ఇంకా మరుపుకు రానప్పుడు, ఆర్థర్ క్యాటరల్ వాయించగా జరిగింది. అప్పటికే క్వీన్స్ హాల్ బాంబుకు కూలిపోయి ఏడాది దాటింది.

దీనికి రెండు మంచి పాత రికార్డింగులు ఉన్నాయి, రెండింటికీ కండక్టర్ వెర్నన్ హ్యాండ్లీయే. 1970ల చివర జాన్ జార్జియాడిస్ లైరిటా రికార్డింగు సంస్థకు చేసినది సాదాగా, నిజాయతీగా ఉంటుంది. తర్వాత లిడియా మోర్డ్‌కోవిచ్ అల్‌స్టర్ ఆర్కెస్ట్రాతో చాందోస్ సంస్థకు చేసినదాంట్లో నాదం దట్టంగా, కొంచెం రష్యన్ ఛాయతో ఉంటుంది. జాతర భాగం కంటే చివరి భాగం ఆమె చేతిలో గొప్పగా పలికింది. నేనైతే మోర్డ్‌కోవిచ్‌తో మొదలుపెట్టమంటాను. టాస్మిన్ లిటిల్ చేసినది వీటికంటే కొత్తది, శబ్దపరంగా అన్నిటికంటే తేట.

శామ్యూల్ కోల్‌రిజ్-టేలర్ కన్సర్టో తీరు వేరు. తండ్రి సియెరా లియోన్ నుంచి వచ్చిన వైద్యుడు, తల్లి ఆంగ్లేయురాలు; లండన్ దగ్గరి క్రాయిడన్‌లో పెరిగి, రాయల్ కాలేజీలో మొదట వయొలిన్ విద్యార్థిగా చేరి, స్టాన్‌ఫర్డ్ శిష్యుడయ్యాడు. అమెరికన్ వయొలినిస్టు మాడ్ పవల్ కోసం రాసిన ఈ జి మైనర్ కన్సర్టో 1912 జూన్‌లో అమెరికాలోని కనెక్టికట్‌లో తొలిసారి వినిపించింది. ఆర్కెస్ట్రా ప్రతులు సముద్రంలో టైటానిక్‌తోపాటు మునిగిపోయాయని, మళ్ళీ రాయించవలసి వచ్చిందని ఒక కథ ప్రచారంలో ఉంది. కథ నిజమెంతైనా, స్వరకర్త మాత్రం ఆ సెప్టెంబరు 1నే, ముప్పై ఏడేళ్ళకే కన్నుమూశాడు. తన రచనను వెంటపెట్టుకుని ఊరూరా తిరిగే అవకాశమే అతనికి దక్కలేదు. ద్వోర్జాక్ అంటే ఇష్టపడేవారికి ఇది కళ్ళు మూసుకుని సిఫారసు చేయవచ్చు: పెద్ద పెద్ద బహిరంగ రాగాలు, మొహమాటం లేని మాధుర్యం, రెండో భాగంలో జోలపాట వంటి సౌమ్యత. లోతు కోసం వెతికేవారికి మాత్రం మోరన్ ముందు ఇది కొంచెం పలుచన. ఫిలిప్ గ్రఫాన్ జొహానెస్‌బర్గ్ ఆర్కెస్ట్రాతో చేసినదాంట్లో ఉత్సాహం ఎక్కువ, ఆంథొనీ మార్వుడ్ హైపీరియన్ సంస్థకు చేసినదాంట్లో నగిషీ ఎక్కువ. ఆ నగిషీయే నాకు నచ్చుతుంది. హైపీరియన్ రికార్డింగులు 2023 దాకా స్ట్రీమింగులో దొరికేవి కావు, డిస్కు తెప్పించుకోవలసి వచ్చేది. ఇప్పుడు ఆ బాధ తప్పింది.

డీలియస్ కన్సర్టోను మూలపడినది అనాలో వద్దో తేల్చుకోలేను. 1916లో ఫ్రాన్స్‌లో రాసి సామన్స్‌కు అంకితమిచ్చాడు. 1919 జనవరిలో సామన్స్ వాయించాడు. భాగాల మధ్య విరామం లేదు. దాదాపు 25 నిమిషాలు ఒకే ధారగా సాగుతుంది. వాద్యానికీ బృందానికీ మధ్య పోటీ ఉండదు, చేతివాటం ప్రదర్శన ఉండదు. వయొలిన్ ఆగకుండా పాడుతూనే ఉంటుంది, కింద శ్రుతులు మేఘాల్లా రంగు మార్చుకుంటూ ఉంటాయి. ఆలాపన విని ఆనందించే మన శ్రోతకు ఇది బ్రిటిష్ కన్సర్టోలన్నింటిలో దగ్గరగా తోచవచ్చు. ఒక రాగం మీద నిలకడగా ఉండకపోవడమే అలవాటు చేసుకోవలసిన విషయం. పాశ్చాత్య విమర్శకులు దీనికి ఆకారం లేదని చాలాకాలం విసుక్కున్నారు. ఆ విసుగును పక్కన పెట్టి, రాత్రి పడుకునే ముందు ఒకసారి వినండి. సామన్స్ 1944లో చేసిన రికార్డింగు ఇప్పటికీ ముందు వరసలోనే ఉంది. శబ్దం తేటగా కావాలంటే టాస్మిన్ లిటిల్, ఆండ్రూ డేవిస్‌లు చేసినది సరిపోతుంది.

మిగిలినవాటి గురించి క్లుప్తంగానే చెబుతాను. వాన్ విలియమ్స్ అనగానే అందరూ ఆకాశంలోకి ఎగసే భరతపక్షి రచన ('ద లార్క్ అసెండింగ్') వైపే పరుగెడతారు. అది కన్సర్టో కాదు. ఆయన అసలు కన్సర్టో 1925లో యెల్లీ దరాన్యీ కోసం రాసినది, పావుగంటకు కాస్త ఎక్కువ, బాఖ్ ఛాయలతో గట్టిగా, పొడిగా ఉంటుంది. బాఖ్ అభిమానులకు తప్ప మొదటి ఎంపికగా చెప్పను. స్టాన్‌ఫర్డ్ మొదటి కన్సర్టో బ్రామ్స్ మర్యాదలన్నీ తెలిసిన పెద్దమనిషి, మార్వుడ్ దాన్ని చక్కగా వాయించాడు. జార్జ్ డైసన్ కన్సర్టో నలభై నిమిషాలు దాటే నాలుగు భాగాల రచన, 1942లో సామన్స్‌తోనే తొలి కచేరీ. ఎల్గార్ చాలక ఇంకా అలాంటిదే కావాలనిపించేవారికి అచ్చంగా సరిపోతుంది, మోర్డ్‌కోవిచ్ రికార్డింగు ఉంది. బ్లిస్ 1955లో కాంపోలీ కోసం రాసినది మెరుపుగా ఉంటుంది, కాని నిడివి ఎక్కువైంది. కాంపోలీ, బ్లిస్ కలిసి చేసిన రికార్డింగులో ఆ సంగతి కొంత మరుగునపడుతుంది. రాస్తోర్న్ రెండు కన్సర్టోలూ నాక్సస్ ఆల్బంలో రెబెక్కా హర్ష్ చేతిలో తక్కువ ధరకే దొరికేవి. జర్మన్ స్వరకర్త హిండెమిత్ రుచి ఉన్నవారికి అవి నచ్చుతాయి. ఫింజీ తన కన్సర్టో మీద తనకే నమ్మకం లేక వెనక్కి తీసుకుని, నడిమి భాగాన్ని మాత్రం 'ఇంట్రోయిట్' పేరుతో ఉంచుకున్నాడు. ఆ తొమ్మిది పది నిమిషాలే చాలు. హావర్గల్ బ్రయన్ 1934లో తన కన్సర్టో రాతప్రతిని లండన్ విక్టోరియా స్టేషన్లో పోగొట్టుకుని, మళ్ళీ మొదటి నుంచి రాశాడు. ఆ పట్టుదలకు దండం పెడతాను కానీ, ఆ రచనను ఎవరికీ తొలి ఎంపికగా చెప్పలేను. ఎథెల్ స్మైత్ 1927లో వయొలిన్, హార్న్ (ఇత్తడి కొమ్ము వాద్యం) రెండింటికీ కలిపి రాసిన కన్సర్టో మాత్రం జాబితాల్లో ఎక్కడా కనిపించకపోవడం అన్యాయం. హార్న్ గొంతు వయొలిన్‌ను అణచకుండా రెండూ సమానంగా మాట్లాడుకునేలా రాయడం తేలిక పని కాదు.

ఆఖరున బాక్స్. ఆర్నల్డ్ బాక్స్ తన కన్సర్టోను 1937, 38లలో హైఫెట్జ్‌ను మనసులో పెట్టుకునే రాశాడని చెబుతారు. అదే సంవత్సరాల్లో అదే హైఫెట్జ్ వాల్టన్ రచనను భుజానికెత్తుకున్నాడు, బాక్స్ రచనను ఒక్కసారి కూడా వాయించలేదు. ఐదేళ్ళు ఎదురుచూశాక, 1943 నవంబరు 22న ఈడా కెర్సీ అనే ఆంగ్ల వయొలినిస్టు హెన్రీ వుడ్ కండక్టరుగా దాన్ని సభకు తెచ్చింది. బాక్స్ తక్కిన రచనల్లో ఉండే సముద్రపు పొగమంచు ఇందులో తక్కువ. మొదటి భాగంలో హుషారు, నడుమ భాగంలో సూటిగా పలికే శోకం, చివర వాల్ట్జ్ నృత్యపు నడక. వాల్టన్ అంత బిగువు లేదన్నది నిజం. అయినా వాల్టన్‌కు ముప్పై రికార్డింగులు, దీనికి చేతివేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని ఉండవలసినంత తేడా రెండింటి మధ్య లేదు. వినదలచినవారు ముందు మోర్డ్‌కోవిచ్, బ్రైడెన్ థామ్సన్‌ల చాందోస్ రికార్డింగు వినాలి. అది నచ్చితే 1944 ఫిబ్రవరిలో బోల్ట్ కండక్టరుగా కెర్సీ వాయించిన బీబీసీ ప్రసారం వెతకండి. శబ్దం మసకగా ఉంటుంది, కాని నడుమ భాగంలో ఆమె కమాను లాగే తీరు మరెవరి దగ్గరా వినబడదు. ఆ ప్రసారం అయిన ఐదు నెలలకే కెర్సీ నలభై ఏళ్ళకు చనిపోయింది, ఆమె తర్వాత ఆ కన్సర్టోను అంత గట్టిగా పట్టుకున్నవారు దశాబ్దాలపాటు రాలేదు.